అరవై లీటర్ల సముద్రం

1846లో ఇంగ్లండు దక్షిణ తీరాన టార్కీ అనే ఊరికి వెళ్ళిన అన్నా థిన్‌కి సముద్రపు రాళ్ళ మీద బతికున్న పగడాలు కనిపించాయి. అప్పట్లో వాటిని మాడ్రిపోర్లు అనేవారు. చూసి ఊరుకోలేదు, లండన్‌లో తన ఇంటికి తీసుకెళ్ళాలనుకుంది. దారిలో గుర్రబ్బండి కుదుపులకి అవి ఒకదాన్నొకటి కొట్టుకోకుండా ఆవిడ కనిపెట్టిన ఉపాయం: సూదీ దారం తీసుకుని, ఆ పగడాలని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసి, సముద్రపు నీళ్ళు పోసిన రాతి జాడీలో పెట్టింది. భర్త వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెద్ద హోదాలో ఉన్న మతాధికారి. అంటే ఆ పగడాలు చేరింది లండన్ నడిబొడ్డుకి, ఇంగ్లండు రాజులూ కవులూ సమాధుల్లో నిద్రపోయే చోటికి.

మొదట్లో రెండ్రోజులకోసారి తీరం నుంచి కొత్త నీళ్ళు తెప్పించుకునేది. అవి చాలక, ఉన్న నీళ్ళనే మళ్ళీ వాడుకోవాల్సి వచ్చింది. నీళ్ళలో గాలి తగ్గితే జీవులు చచ్చిపోతాయని ఆవిడకి తెలుసు. అందుకని తెరిచిన కిటికీ ముందు ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, అందులోంచి మళ్ళీ ఇందులోకి, అరగంట, ముప్పావుగంట పోయించేది. మన హోటళ్ళలో కాఫీ తిరగబోసినట్టు. పోసింది ఆవిడ కాదు, ఇంట్లో ఒక చిన్న పనిపిల్ల. శ్రమే అయినా ఆ పిల్ల దాన్ని ఆటలా అనుకుందని ఆవిడ తర్వాత రాసుకుంది. ఆ పిల్ల ఏమనుకుందో రాసినవాళ్ళు లేరు. సముద్రపు అక్వేరియం చరిత్రలో మొదటి ఎయిర్ పంపు ఆ పిల్ల చేతులే అని నేననుకుంటాను.

మరుసటి ఏడాది ఆవిడ నీళ్ళలో సముద్రపు నాచు వేసింది. వెలుతురు తగిలితే నాచు ఆక్సిజన్ వదులుతుంది, జీవులు దాన్ని పీల్చుకుంటాయి. ఆ లెక్క కుదిరింది, పనిపిల్ల చేతులకి విశ్రాంతి దొరికింది. పగడాలు సుమారు మూడేళ్ళు బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి. ఆ సంగతులన్నీ 1859లో ఒక పత్రికలో అచ్చయ్యాయి. ఆవిడ బతికించినవి రీఫ్‌లు కట్టే పగడాలు కావు, చల్లటి నీళ్ళలో ఒంటరిగా పెరిగే రకం. అయినా ఇంట్లో పగడాలు పెంచిన చరిత్రకి మొదటి పేజీ అదే.

ఇదంతా నేను చదివింది మా ఇంటి హాల్లో ఒక మూల అరవై లీటర్ల ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టుకుంటూ. హైదరాబాద్ నుంచి దగ్గరి తీరానికి వెళ్ళాలన్నా రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ సముద్రం పెట్టుకోవడమంటే దాన్ని చేతులతో తయారు చేసుకోవడమే. ఆ తయారీలో ఒక్కో మెట్టు దగ్గరా ఎవరో ఒకరి కథ ఉంది. యూట్యూబ్ వీడియోలు ఉప్పు ఎంత కలపాలో చెప్తాయిగానీ, ఆ సంగతి మనిషికి ఎప్పుడు, ఎలా తెలిసిందో చెప్పవు.

అసలు పగడం ఏమిటన్నదే చాలాకాలం తేలలేదు. రాయి అన్నవాళ్ళున్నారు, చెట్టు అన్నవాళ్ళున్నారు. 1706లో మార్సిల్యీ అనే ఇటలీ ప్రభువు అప్పుడే తీసిన ఎర్ర పగడపు కొమ్మని సముద్రపు నీళ్ళున్న గాజు పాత్రలో పెట్టి చూస్తే, దాని మీద తెల్లటి పువ్వులు విచ్చుకున్నాయి. ఇంకేం, మొక్కే అని నిర్ధారించేశాడు. 1720ల్లో పేసొనెల్ అనే మార్సే వైద్యుడు అలాగే చూసి, అవి పువ్వులు కావు, చిన్న చిన్న జంతువులు అన్నాడు. పారిస్ అకాడమీలో రియోమూర్ అనే పెద్దమనిషి ఈ మాట ఎంత వింతగా ఉందనుకున్నాడంటే, పరువు పోతుందేమోనని జాలిపడి, చెప్పినవాడి పేరు బయటపెట్టకుండా దాచాడు. ఇరవై ఏళ్ళు పోయాక తేలింది పేసొనెల్ చెప్పిందే నిజమని. ఇద్దరూ చూసింది ఒకే కొమ్మ, ఒకేలాంటి గాజు పాత్ర.

తెలుగులో ఈ చిక్కు ఇంకోలా ఉంది. మనకి పగడం అంటే నవరత్నాల్లో ఒకటి, అమ్మమ్మ మెళ్ళో దండ, జ్యోతిష్కుడు చెప్పిన కుజదోషానికి ఉంగరం. సముద్రం అడుగున దిబ్బలు కట్టే జీవికీ అదే పేరు. కానీ అమ్మమ్మ పగడం మన సముద్రానిది కాదు, మధ్యధరా సముద్రానిది. మనవాళ్ళకి పగడమంటే ఎంత మోజో రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాశాడు: రోమన్ ఆడవాళ్ళు ముత్యాలకి ఎంత విలువిస్తారో హిందూ దేశపు మగవాళ్ళు పగడాలకి అంత ఇస్తారట. 17, 18 శతాబ్దాల్లో ఇటలీలోని లివోర్నో రేవు నుంచీ, లండన్ మీదుగానూ పగడాలు గోవాకీ మద్రాసుకీ వచ్చేవి. బదులుగా వెళ్ళినవి వజ్రాలు, అందులో మన కృష్ణా తీరపు గనులవీ ఉన్నాయి. చెన్నై జార్జి టౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని ఒక వీధి ఇప్పటికీ ఉంది. గోల్కొండ వజ్రాలు ఎటు పోయాయని వాపోయేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. అందులో కొన్ని మన అమ్మమ్మల మెడల్లోకి పగడాలై వచ్చాయని ఎవరూ అనరు!

అన్నా థిన్ కంటే ముందు ఇంకొకావిడ ఉంది. ఝాన్ విల్‌ప్రూ-పవర్ ఫ్రాన్సులో ఒక పల్లెటూరి పిల్ల, పారిస్ వెళ్ళి బట్టలు కుట్టే పనిలో చేరింది. ఒక రాకుమారి పెళ్ళి గౌనుకి అల్లికపని చేసి పేరు తెచ్చుకుంది, ఇంగ్లీషు వ్యాపారిని పెళ్ళాడి 1818లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా చేరింది. అక్కడ ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి ఆవిడని పట్టుకుంది. కాగితమంత పల్చటి గుల్లలో ఉంటుందది. ఆ గుల్ల దాని సొంతమా, ఇంకెవరిదో ఆక్రమించుకుందా అన్నది అరిస్టాటిల్ నాటి నుంచీ తగువు. చచ్చినదాన్ని కోసి చూస్తే తేలేది కాదు, బతికుండగా గమనించాలి. అందుకని 1832లో గాజు తొట్లూ, సముద్రంలో దించే బోనులూ చేయించింది. గుల్ల కాస్త విరగ్గొట్టి చూస్తే ఆ జీవి తనే అతుకు వేసుకుంది. తగువు తీరింది. 1843లో సిసిలీ వదిలేసింది, ఆవిడ సేకరణలూ కాగితాలూ ఎక్కించిన ఓడ మునిగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ పరిశోధన చేయలేదు. 1997లో శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఆవిడ పేరు పెట్టారు. ఎక్కడ మెస్సీనా, ఎక్కడ శుక్రుడు.

ఇంత చేసినా అక్వేరియం అనగానే అందరూ చెప్పే పేరు ఫిలిప్ హెన్రీ గాస్‌ది. 1853లో లండన్ జూలో తెరిచిన ఫిష్ హౌస్‌కి సముద్ర జీవులని తెచ్చిచ్చింది అతనే. మరుసటి ఏడాది ‘ది అక్వేరియం’ అని పుస్తకం రాశాడు, ఆ మాట జనం నోళ్ళలో స్థిరపడిపోయింది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1845లో, ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు పలకలు చవకయ్యాయి. పుస్తకం మంచి సమయంలో పడింది. మధ్యతరగతి ఇళ్ళలో ముందు గదిలో పియానో పక్కన సముద్రం వచ్చి కూచుంది.

తీరానికి దూరంగా ఉండేవాళ్ళ కోసం గాస్ 1854లో నీళ్ళ తయారీ కూడా చెప్పాడు. మామూలు ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, ఈ నాలుగే. తక్కిన పదార్థాలు మరీ కొంచెమేనని వదిలేశాడు. అందులో కాల్షియం కూడా పోయింది, గుల్లలకీ పగడాలకీ అదే ప్రాణం. ఏ సముద్రంలో తీసినా పెద్ద లవణాల పాళ్ళు దాదాపు ఒకటేనని రూఢి అయింది ఛాలెంజర్ ఓడ ప్రపంచమంతా తిరిగొచ్చాక. ఆ ఓడ తెచ్చిన 77 సీసాల నీళ్ళని డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఉప్పదనం కాస్త హెచ్చుతగ్గులుండొచ్చు, పాళ్ళు మారవు. ఇవాళ ప్యాకెట్లలో అమ్మే సముద్రపు ఉప్పు వెనక ఉన్నది ఆ 77 సీసాలే.

నేను చేసిందీ అదే. బోరు నీళ్ళు పనికిరావు కాబట్టి ఆర్వో నీళ్ళు తీసుకుని, లీటరుకి 35 గ్రాముల లెక్కన ఆ ఉప్పు కలిపాను. అరవై లీటర్లకి రెండు కిలోల పైన. ఇంట్లో చూసినవాళ్ళు, వంటింట్లో కళ్ళుప్పు ఉందిగా, అన్నారు. సముద్రపు ఉప్పులో నూటికి 85 పాళ్ళు సోడియం, క్లోరైడే. చేపల సంగతి అలా ఉంచితే, పగడాలు బతికేది మిగతా పదిహేను పాళ్ళ మీద.

గాస్ పుస్తకం వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి. జనం వలలూ సుత్తులూ పట్టుకుని డెవన్ తీరానికి రైళ్ళలో వెళ్ళారు. గాస్ కొడుకు ఎడ్మండ్, 1907లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో ఆ రాతి మడుగులు ఎలా కొల్లగొట్టబడ్డాయో చెప్పుకుని బాధపడ్డాడు. చిన్నప్పుడు తండ్రి వెంట తను చూసిన అందం ఇక ఎవరూ చూడలేరని అతని బాధ. తండ్రి అత్యంత నిష్ఠాపరుడైన క్రైస్తవుడు, దేవుడి సృష్టిని నలుగురికీ చూపించాలనే ఆ పుస్తకాలు రాశాడు. చూసినవాళ్ళు ఊరుకోకుండా ఇంటికి పట్టుకుపోయారు. తీరా ఆ మోజెంతకాలం? 1868 నాటికే జె.జి.వుడ్ అనే రచయిత, పది అక్వేరియాల్లో తొమ్మిది మూలపడ్డాయని రాశాడు.

మన తీరం కథ వేరు. గాస్ కంటే యాభై ఏళ్ళ ముందు, 1803లో, ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండొందల చేపల మీద రెండు సంపుటాల పుస్తకం వేశాడు. రక్తపింజరి ఇంగ్లీషు పేరులో ఉన్న రస్సెల్ ఈయనే. స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు వేయించాడు. చేపలకి లాటిన్ పేర్లు పెట్టే పనిలోకి పెద్దగా దిగకుండా, అక్కడి జాలర్లు ఏమంటారో అదే రాసుకున్నాడు. తర్వాత పారిస్‌లో క్యూవియె ఆ పుస్తకం చూసి ఒక చేపకి అందులోని పేరే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. అలా మన కానాగంత ప్రపంచానికంతటికీ ‘కనగుర్త’ అయింది. అక్వేరియం పెట్టుకునేవాళ్ళు ఎగబడే లయన్ ఫిష్‌లలో ఒకదానికి రస్సెల్ పేరుంది. అతని పుస్తకంలో దాని పేరు ‘కోడిపుంగి’. విచ్చుకున్న ఆ రెక్కలు చూస్తే కోడి ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. నాకు ఈ పేరు లయన్ ఫిష్ కంటే బాగుంది.

మద్రాసులో మెరీనా తీరాన 1909లో ప్రజల కోసం సముద్రపు అక్వేరియం తెరిచారు. దాని వెనక ఆలోచన ఎడ్గర్ థర్‌స్టన్‌ది. దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసినాయనగా తెలుగు పాఠకులకి బాగా తెలుసు, ఆ సంపుటాలు వచ్చిందీ అదే ఏడాది. మన్నార్ సింధుశాఖలో ముత్యాల గురించీ, సముద్ర జీవుల గురించీ ఆయన అంతకు చాలా ముందే రాశాడు. మనుషుల్నీ చేపల్నీ ఒకే పద్ధతిలో అరల్లో సర్దిన కాలం అది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల భయంతో ఆ అక్వేరియం మూసేశారు.

ఇళ్ళలో మాత్రం ఉప్పునీళ్ళ ట్యాంకు వందేళ్ళపాటు సరిగ్గా కుదరలేదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా సంగతి 1890 ప్రాంతాల్లో వినోగ్రాడ్‌స్కీ తేల్చినా, అది అక్వేరియం పెంపకందారుల దాకా చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఇది మొదటి పాఠం. ఖాళీ ట్యాంకులో ఒక పచ్చి రొయ్య ముక్క పడేసి కుళ్ళబెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు ఏ జీవినీ వేయకుండా కూచోవాలి. ఇంటికొచ్చినవాళ్ళు, ఇందులో చేపలేవి, అని అడుగుతారు. కంటికి కనిపించని వాటిని పెంచుతున్నానని చెప్తే మొహమాటానికి తలూపుతారు.

రీఫ్ ట్యాంకు కథ మలుపు తిరిగింది జకార్తాలో. లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతి రాశాడు. ఫిల్టర్ లేదు, మందుల్లేవు. సముద్రపు నీళ్ళు, సముద్రం నుంచి తీసిన, జీవులతో నిండిన రాళ్ళు, సన్నగా గాలి బుడగలు. అంతే. అప్పట్లో పాశ్చాత్య దేశాల్లో చచ్చిన పగడాలని బ్లీచింగ్ పెట్టి తెల్లగా తోమి అలంకారానికి పెట్టేవారు, నీళ్ళు ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిదనేవారు. ఆ రాళ్ళలో ఉన్న బాక్టీరియా, పురుగులు, నాచే అసలు ఫిల్టర్ అని చెప్పినా చాలాకాలం తలకెక్కలేదు.

1970లు, 80ల్లో పశ్చిమ బెర్లిన్ పెంపకందారులు దాన్ని అందుకున్నారు. ఊరి చుట్టూ గోడ, సముద్రమేమో ఎక్కడో. డీట్రిచ్ స్టూబర్ లాంటివాళ్ళు ఆ సజీవ శిలలకి గట్టి వెలుతురూ, నురగతో మురికిని లాగేసే స్కిమ్మరూ జోడించారు. పగడం అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం కావాలిగా? దానికి వాళ్ళు వాడింది సున్నపు తేట. జర్మన్‌లో కాల్క్‌వాసర్ అని పెద్ద పేరుందిగానీ, సున్నం నీళ్ళలో కలిపి, అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళే. మనదగ్గర గుల్లలు కాల్చి చేసే గుల్లసున్నం సముద్రంలో ఒకప్పుడు ఏదో ఒక ప్రాణి కట్టుకున్న ఇల్లే. బెర్లిన్‌లో ఆ సున్నాన్ని తిరిగి ప్రాణులకిచ్చారు. స్టూబర్ ట్యాంకులో పెరిగిన ఒక ఆక్రోపోరా పగడపు కొమ్మలు యూరప్ అంతా, తర్వాత అమెరికా దాకా చేతులు మారాయి. పక్కింటావిడ పెరట్లో మందారం కొమ్మ విరుచుకొచ్చి నాటుకున్నట్టే. కొనుక్కోవడం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. ఈ అలవాటు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది.

నచ్చని ఘట్టం కూడా అదే కాలానిది. 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో సోడియం సయనైడ్ మాత్రలు నీళ్ళలో కరిగించి, ప్లాస్టిక్ సీసాలతో పగడాల సందుల్లోకి చిమ్మడం మొదలైంది. చేప మత్తెక్కి చేతికి దొరుకుతుంది. పగడం చచ్చిపోతుంది. ఆ చేప కూడా ఎక్కడో దూరదేశంలో ఎవరి హాల్లోనో కొన్ని వారాలకి కారణం తెలియకుండా పోతుంది. తర్వాత ఇది ఇండోనేషియాకీ పాకింది. మునిగేది పేద జాలరి, సీసా ఇచ్చేది దళారి, అద్దం ముందు కూచునేది మనలాంటివాళ్ళు. ఆ పనిపిల్ల చేతులు ఇక్కడ మళ్ళీ గుర్తొచ్చాయి నాకు.

మన దేశంలో 2001 నుంచి రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. సముద్ర గుర్రాలూ, సముద్ర దోసకాయలూ అంతే. మన్నార్ నుంచో, లక్షద్వీప్ నుంచో, అండమాన్ నుంచో చిన్న ముక్క తెచ్చినా నేరమే. ఆంధ్ర తీరంలో అయితే పెద్ద పగడపు దిబ్బలే లేవు, గోదావరీ కృష్ణా మోసుకొచ్చే బురదా మంచినీళ్ళూ వాటికి పడవు. ట్యాంకు పెడుతున్నప్పుడు ఒక దుకాణదారుడు గొంతు తగ్గించి, ముక్కలున్నాయి సార్, అండమాన్ సరుకు, అన్నాడు. వద్దన్నాను.

అందుకని నాది పగడం లేని రీఫ్. సిరామిక్‌తో చేసిన రాయి, దాని మీద కాస్త ఆకుపచ్చ నాచు, హాచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలు. వీటి పెంపకాన్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఎప్పుడో సాధించారు, సముద్రం నుంచి పట్టి తేవాల్సిన పనిలేదు. చట్టం సబబేనని నా అభిప్రాయం. అయితే బెర్లిన్‌లో లాగా ట్యాంకులోనే పుట్టి, ట్యాంకులోనే పెరిగిన కొమ్మల మాటేమిటని ఒక ప్రశ్న మిగులుతుంది. దొంగ ముక్కనీ పెంచిన ముక్కనీ వేరుచేసి చూపే కాగితం ఉంటే, ఆ దుకాణదారుడు గొంతు తగ్గించక్కర్లేదు. అలాంటి కాగితం వచ్చిన మర్నాడే దొంగ కాగితాలు కూడా వస్తాయని వాదించేవాళ్ళ మాట కూడా కొట్టిపారేయలేను.

ఆ కొమ్మలు విరిచి నాటే విద్య ఇప్పుడు ఇళ్ళు దాటిపోయింది. 2014 తర్వాత ఫ్లోరిడా పగడాలకి ఒక మాయరోగం సోకితే, రోగం ఇంకా చేరని చోట్ల నుంచి పగడాలు తీసి అమెరికా అంతటా జూలలో, అక్వేరియాల్లో దాచారు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో 2010ల్లో సముద్రపు ఉష్ణోగ్రతల్నీ, పగటి నిడివినీ, వెన్నెలనీ కూడా దీపాలతో నకలు చేసి, పగడాలు తాము చెప్పిన సమయానికి గుడ్లు వదిలేలా చేశారు. అన్నా థిన్ ఇంటి నుంచి ఆ మ్యూజియం మహా అయితే పది కిలోమీటర్లు. 2024 ఏప్రిల్లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు, ఇలా ప్రకటించడం నాలుగోసారి. ఆ ఏడాది లక్షద్వీప్‌వి కూడా తెల్లబారాయి. మామూలు వేసవి వేడికి ఒక్క డిగ్రీ పైన కొన్ని వారాలుంటే చాలు, పగడం తనలో ఉండి తనకి తిండి వండిపెట్టే నాచుని బయటికి తోసేస్తుంది.

మా ట్యాంకుకి 26 డిగ్రీలు దాటకూడదని నా లెక్క. మే నెలలో హైదరాబాద్‌లో అది తేలిక కాదు. చిల్లర్ కొనే స్తోమత లేక నీళ్ళ మీదికి ఒక చిన్న ఫ్యాన్ పెట్టాను, కూజా సూత్రమే. నీళ్ళు ఆవిరై చల్లబడతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. అందుకని పొద్దున్నే తగ్గిన మేర మంచినీళ్ళు పోస్తాను, ఒక్కోరోజు లీటరు దాకా పడుతుంది. కరెంటు పోతే ఫ్యానూ పంపూ రెండూ ఆగిపోతాయి. అప్పుడు ఒక చెంబు తీసుకుని ట్యాంకులో నీళ్ళు ముంచి, పై నుంచి అందులోకే పోస్తూ ఉంటాను. పావుగంటకే భుజం లాగుతుంది.